చార్లెస్టన్‌లో రెండు రోజులు: రంగుల మేడలు, ఎర్రన్నం, వాటి వెనక చేతులు

అమెరికా తిండి అనగానే బర్గర్, పిజ్జా, ఫ్రైడ్ చికెన్ గుర్తొస్తాయి. కానీ అన్నం లేనిదే భోజనం కాదనుకున్న ఊరు ఒకటి అక్కడా ఉంది. పేరు చార్లెస్టన్. సౌత్ కరోలినా రాష్ట్రంలో, అట్లాంటిక్ ఒడ్డున, రెండు నదుల మధ్య నాలుకలా సాగి ఉంటుంది. బెండకాయ సూపు, బొబ్బర్లన్నం, టమాటా వేసిన ఎర్రన్నం, నువ్వుల బిస్కెట్లు, ఉడకబెట్టిన పల్లీలు... ఇక్కడి మెనూ చదువుతుంటే అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఉన్నామా అనిపిస్తుంది.

ఇన్‌స్టాలో ఈ ఊరిని మీరు చూసే ఉంటారు. గులాబీ, పసుపు, లేత నీలం రంగుల్లో వరసగా నిలబడ్డ పాత ఇళ్లు. గుర్రపు బళ్లు. జడల్లా నాచు వేలాడుతున్న ఓక్ చెట్లు. ఎటు చూసినా చర్చి గోపురాలు. అందుకే దీనికి 'హోలీ సిటీ' అని ముద్దుపేరు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కి సెట్ వేసినట్టు ఉంటుంది ఊరంతా.

అయితే ఈ అందానికీ ఈ అన్నానికీ మూలం ఒక్కటే. రెండూ ఆఫ్రికా నుంచి గొలుసులతో తెచ్చిన మనుషుల చేతుల మీదుగా వచ్చినవే. ఆ సంగతి తెలుసుకోకుండా కూడా ఇక్కడ హాయిగా రెండు రోజులు తిరిగి రావొచ్చు, చాలామంది అలాగే వస్తారు. తెలుసుకుని తిరిగితే మాత్రం ఊరు రెండింతలు కనిపిస్తుంది. అందుకే మేం ముగ్గురం షార్లెట్ నుంచి వెళ్లినప్పుడు మామూలు టూరిస్టు వరసని కొంచెం మార్చాం. మేడల కన్నా ముందు రేవుకి వెళ్లాం. ఆ వరసే మీకూ చెబుతాను.

ఒక్క నిమిషంలో చరిత్ర

1670లో ఇంగ్లిష్ వాళ్లు ఇక్కడ దిగారు. రాజు రెండో చార్లెస్ పేరు మీద 'చార్లెస్ టౌన్' అన్నారు. అమెరికా స్వతంత్రం వచ్చాక 1783లో అది చార్లెస్టన్ అయింది. ఊరికి అటు యాష్లీ నది, ఇటు కూపర్ నది. ఈ రెండూ కలిస్తేనే అట్లాంటిక్ సముద్రం పుట్టిందని స్థానికులు గొప్పగా జోకేస్తారు. గోదావరి జిల్లాల వాళ్లకి ఈ రకం జోకు బాగా అర్థమవుతుంది.

ఆ గొప్ప ఊరికే రాలేదు. స్వతంత్రానికి ముందు అమెరికాలోని బాగా డబ్బున్న ఊళ్లలో ఇదొకటి. ఆ డబ్బు వరి నుంచి వచ్చింది. వరి పండించింది ఆఫ్రికన్లు. 1708 నాటికే సౌత్ కరోలినాలో తెల్లవాళ్ల కన్నా నల్లజాతివాళ్ల సంఖ్య ఎక్కువ. అంటే ఊరు వాళ్లది కాదు గానీ ఊళ్లో పని అంతా వాళ్లదే.

మొదటి రోజు పొద్దున: రేవు దగ్గర మొదలుపెట్టండి

కూపర్ నది ఒడ్డున గాడ్స్‌డెన్ రేవు అని ఒక చోటు ఉంది. 1808లో అమెరికా బానిసల దిగుమతిని నిషేధించింది. దానికి ముందు ఏళ్లలో ఓడలు వచ్చి ఆగిన ముఖ్యమైన చోటు ఇదే. ఉత్తర అమెరికాకి బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లలో దాదాపు 40 శాతం మంది చార్లెస్టన్ గుండానే వచ్చారని ఒక అంచనా.

ఆ రేవు ఉన్న చోటే 2023 జూన్‌లో ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తెరిచారు. భవనం మొత్తాన్ని స్తంభాల మీద పైకి లేపి కట్టారు. కింద నేలని ఖాళీగా వదిలేశారు. మనుషులు దిగిన నేల మీద గోడలు కట్టకూడదని. లోపలికి టికెట్ కావాలి, కింద ఉన్న తోటకి అక్కర్లేదు.

ఆ తోటలో, నీళ్ల అంచున, నేల మీద మనిషి ఆకారాలు చెక్కి ఉంటాయి. ఒకరి పక్కన ఒకరు, ఓడ అడుగున పడుకోబెట్టినట్టే, సందు లేకుండా. పల్చటి నీళ్లు వచ్చి వాటిని కప్పేస్తాయి, మళ్లీ వెనక్కి పోతాయి. పోటూ ఆటూ లాగా. మేం వెళ్లినప్పుడు అక్కడ స్కూలు పిల్లల గుంపు ఉంది. అప్పటిదాకా గోలగోలగా ఉన్నవాళ్లు నీళ్లు తగ్గి ఆకారాలు బయటపడగానే చప్పున ఆగిపోయారు. ఎవరూ వాళ్లకి ఏమీ చెప్పలేదు.

పైన మ్యూజియంలో కుటుంబ చరిత్రలు వెతికిపెట్టే కేంద్రం ఉంది. ముత్తాత పేరు కూడా తెలియని కుటుంబాలు అక్కడికొచ్చి పాత కాగితాల్లో వెతుక్కుంటాయి. మనకి ఏడు తరాల పేర్లు తెలియకపోయినా గోత్రమో, ఇంటిపేరో ఒకటి ఉంటుంది కదా. వీళ్లలో చాలామందికి ఇంటిపేరు కూడా యజమానిదే.

రాళ్ల వీధి, చిన్న మ్యూజియం

అక్కడి నుంచి ఊరి మధ్యకి రండి. చామర్స్ స్ట్రీట్ అని గుండ్రాళ్లు పరిచిన సన్నటి వీధి. ఫొటోలకి భలే ఉంటుంది. అదే వీధిలో ఓల్డ్ స్లేవ్ మార్ట్ మ్యూజియం ఉంది.

దీని కథ వినండి. మొదట్లో మనుషుల వేలం బహిరంగంగా, ఓల్డ్ ఎక్స్ఛేంజ్ అనే పెద్ద భవనం పక్కన, నడివీధిలో జరిగేది. 1856లో నగరం వీధి వేలాన్ని నిషేధించింది. వేలం ఆగిందా? లేదు, నాలుగ్గోడల మధ్యకి మారింది. అలా వేలానికి వాడిన భవనాల్లో సౌత్ కరోలినాలో ఇప్పటికి మిగిలింది ఇదొక్కటే అంటారు. చిన్న మ్యూజియం, గంటలో చూసేయొచ్చు. ఏ వయసు మనిషికి ఎంత ధర, ఏ పని వస్తే ఎంత ఎక్కువ, ఎలా తినబెట్టి ఎలా ముస్తాబు చేసి నిలబెట్టేవారు... మన సంతల్లో పశువుల బేరం చూసినవాళ్లకి చదువుతుంటే గొంతు పట్టేస్తుంది.

దీన్ని సిటీ మార్కెట్‌తో కలిపేసుకోకండి. నాలుగు బ్లాకుల పొడవున పెంకుల కప్పు కింద ఉండే సిటీ మార్కెట్ కూరగాయలూ మాంసమూ అమ్మిన చోటు. 'ఇక్కడే మనుషుల్ని అమ్మారు' అని చాలామంది చెబుతుంటారు, అది నిజం కాదు. ఇప్పుడక్కడ సావనీర్లు, సబ్బులు, తినుబండారాలు అమ్ముతారు. మీరు ఆగాల్సింది మాత్రం స్వీట్‌గ్రాస్ బుట్టల దగ్గర.

చేటలా ఉండే బుట్ట

స్వీట్‌గ్రాస్ అంటే సముద్రపు ఒడ్డున ఇసుకలో పెరిగే సన్నటి గడ్డి. దాన్ని చుట్టలు చుట్టి, తాటి జాతి చెట్టు ఆకు చీలికలతో బిగించి బుట్టలు చేస్తారు. మధ్యలో ముదురు రంగు కోసం పైన్ చెట్టు సూదులు కలుపుతారు. ఇది పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన పని, తల్లి నుంచి కూతురికి మూడు వందల ఏళ్లుగా అలాగే వస్తోంది. 2006లో రాష్ట్రం దీన్ని అధికారిక హస్తకళగా ప్రకటించింది.

మా ఫ్రెండ్ అరచేయంత బుట్ట ఒకటి తీసుకుని ధర చూసి, 'బాబోయ్, ఇంతా!' అనేసింది తెలుగులో. అల్లుతున్న పెద్దావిడకి మాట అర్థం కాకపోయినా మొహం అర్థమైంది. 'గడ్డి కోయాలమ్మా. ఎండబెట్టాలి. అప్పుడు అల్లాలి. నీ చేతిలో ఉన్నదానికి నాకు మూడు రోజులు పట్టింది' అంది చెయ్యి ఆపకుండానే. తీరం వెంట ఇళ్లూ రిసార్టులూ వచ్చేయడంతో గడ్డి దొరికే చోట్లకి వెళ్లనివ్వడం లేదని కూడా చెప్పింది. బేరం ఆడకుండా కొనుక్కొచ్చాం.

ఆ బుట్టల్లో వెడల్పుగా, లోతు లేకుండా ఒక రకం ఉంటుంది. మనకి చూడగానే తెలిసిపోతుంది, అది చేట! వడ్లు దంచాక పొట్టు చెరిగేందుకు వాడేవారు. అక్కడి నుంచి కథ వరి దగ్గరికి వెళ్తుంది.

వరి ఎవరిది?

పశ్చిమ ఆఫ్రికాలో సెనెగల్, గాంబియా, సియెర్రా లియోన్ వైపు తీరాన్ని 'రైస్ కోస్ట్' అనేవారు. అక్కడి రైతులకి వరి సాగు తరాలుగా తెలుసు. కరోలినా భూస్వాములకి ఇంగ్లండ్‌లో వరి ఎక్కడ తెలుస్తుంది? ఆ ప్రాంతం మనుషులకి ఇక్కడి వేలంలో గిరాకీ ఉండేది. కండబలంతో పాటు వాళ్ల సాగు తెలివిని కూడా కొనుక్కున్నారన్నమాట.

ఆ సాగు ఎలా ఉండేదో రైతు కుటుంబాల వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. నది ఒడ్డున అడవి నరికి, చిత్తడిలో మడులు కట్టి, చుట్టూ గట్లు పోసి, తూములు పెట్టారు. సముద్రపు పోటు నదిని వెనక్కి నెట్టినప్పుడు పైకి లేచే మంచినీళ్లు తూము తెరిస్తే మడిలోకి వచ్చేవి. ఆటు వేళకి తెరిస్తే బయటికి పోయేవి. మోటారు లేదు, ఏతం లేదు. ఈ గట్లూ కాలవలూ అన్నీ చేతి పారలతో తవ్వినవే. నడుం లోతు బురద, పాములు, మలేరియా. పంట వచ్చాక దంచడం రోలూ రోకలితో. వేల టన్నుల వడ్లు రోట్లో దంచడం అంటే ఆలోచించండి.

పండినప్పుడు కంకి బంగారు రంగులో ఉండేది కాబట్టి ఆ వరికి 'కరోలినా గోల్డ్' అని పేరు. 1865లో అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం పోయాక, తుఫానులు కూడా తోడై, ఈ సాగు మెల్లగా చచ్చిపోయింది. 1980ల్లో దాచిన విత్తనాలతో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడది పెద్ద హోటళ్ల మెనూలో ఖరీదైన బియ్యం.

మధ్యాహ్నం: మేడలు, అయితే వెనక గుమ్మం కూడా

ఇప్పుడు మేడల దగ్గరికి వెళ్దాం. ఈస్ట్ బే స్ట్రీట్‌లో రెయిన్‌బో రో. 13 ఇళ్లు, 13 రంగులు. ఒకప్పుడు కింద వర్తకుల షాపులు, పైన కాపురాలు. యుద్ధం తర్వాత పాడుబడి మురికివాడలా మారితే 1930ల్లో ఒక దంపతులు కొన్ని ఇళ్లు కొని గులాబీ రంగు వేయడంతో ఈ రంగుల వరస మొదలైంది. 1931లోనే పాత ఇళ్లని కాపాడేందుకు చార్లెస్టన్ ఒక చట్టం చేసుకుంది. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది. పొద్దున ఎండ నేరుగా ఇళ్ల మీద పడుతుంది, ఫొటోలకి పొద్దున్నే రావడం మంచిది.

వీధుల్లో నడుస్తుంటే ఒక వింత గమనిస్తారు. చాలా ఇళ్లు వీధికి పక్కకి తిరిగి ఉంటాయి. ఒక గది వెడల్పు, వెనక్కి పొడవు, పక్కన పొడుగాటి వరండా. వీధి తలుపు తీస్తే ఇంట్లోకి కాకుండా వరండాలోకి వెళ్తాం. సముద్రపు గాలి వరండా మీదుగా గదుల్లోకి రావాలని ఈ ఏర్పాటు. ఏసీలు లేని కాలపు తెలివి. గోడల మీద గుండ్రటి ఇనప బిళ్లలు కూడా కనిపిస్తాయి. 1886 ఆగస్టు 31న వచ్చిన పెద్ద భూకంపం తర్వాత గోడలు విచ్చుకోకుండా లోపలి నుంచి బిగించిన కడ్డీల చివర్లు అవి.

టికెట్ కొని ఒక్క ఇల్లే చూడాలంటే నా సలహా ఐకెన్ రెట్ హౌస్. మిగతా మేడల్లా దీనికి మెరుగులు దిద్దలేదు. పెచ్చులూడిన రంగు, వెలిసిపోయిన వాల్ పేపర్ ఎలా దొరికితే అలా ఉంచేశారు. ఆడియో చెవిలో పెట్టుకుని తిరగాలి. ముందు పాలరాయి మెట్లు, పెద్ద హాలు. తర్వాత పెరట్లోకి తీసుకెళ్తారు. అక్కడ వంటిల్లు, చాకిరేవు గది, గుర్రాల శాల. వాటి పైన, మేడ మీద, బానిసలుగా పనిచేసినవాళ్లు పడుకున్న చిన్న గదులు. ఎండాకాలంలో కింద పొయ్యి మండుతుంటే పైన వాళ్లు నిద్రపోయేవాళ్లు. ముందు హాల్లో నిలబడ్డప్పుడు ఎంత బాగుంది అనుకున్న ఇల్లే, పెరట్లోంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది.

ఊళ్లోని కొన్ని పాత ఇటుకల మీద వేళ్ల ముద్రలు ఉంటాయి. తడి ఇటుకని పట్టుకుని ఎండకి పెట్టిన చేతులవి. కొన్ని ముద్రలు మరీ చిన్నవి. పిల్లలవి.

ఆకలి వేస్తోందా? ఇవి తినండి

ఈ ఊరి అసలు వంటని గల్లా వంట అంటారు. ఆఫ్రికా నుంచి వచ్చి ఈ తీరంలో, దీవుల్లో స్థిరపడ్డ వాళ్ల సంతతే గల్లా గీచీ ప్రజలు. వాళ్లకి సొంత భాష కూడా ఉంది, ఇంగ్లిష్ మాటలూ ఆఫ్రికన్ నుడికారమూ కలిసి పుట్టిన భాష. 2006లో అమెరికా కాంగ్రెస్ నార్త్ కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా వాళ్ల తీరాన్ని సాంస్కృతిక వారసత్వ ప్రాంతంగా గుర్తించింది.

*రెడ్ రైస్:* టమాటా, ఉల్లిపాయ వేసి పొడిపొడిగా వండిన అన్నం. మన టమాటా రైస్‌కి చుట్టమే, పశ్చిమ ఆఫ్రికా జొలోఫ్ రైస్‌కి మనవరాలు. పొగ వాసన ఉంటుంది, ఎందుకంటే సాధారణంగా బేకన్ గానీ సాసేజ్ గానీ వేస్తారు.

*పర్లూ:* ఒకే గిన్నెలో కోడి మాంసమో రొయ్యలో వేసి వండే అన్నం. పేరు వింటే పోలిక దొరికిందా? పులావ్, పిలాఫ్, పర్లూ అన్నీ ఒక కుటుంబం మాటలే.

*హాపిన్ జాన్:* బొబ్బర్లూ బియ్యమూ కలిపి వండేది. కొత్త సంవత్సరం రోజున తింటే అదృష్టం అని నమ్మకం. బొబ్బర్లు పుట్టింది ఆఫ్రికాలో. మన పొలాల్లోకీ వీళ్ల గిన్నెల్లోకీ అక్కడి నుంచే వచ్చాయి.

*ఓక్రా సూప్:* బెండకాయ, టమాటా, చిక్కుడు గింజలు. చింతపండు లేదన్న లోటు తప్ప మన పులుసు గుర్తొస్తుంది. జిగురు పోగొట్టాలని వీళ్లు తాపత్రయపడరు, అదే చిక్కదనం అంటారు. అసలు 'ఓక్రా' అనే మాటే నైజీరియాలోని ఇగ్బో భాష నుంచి వచ్చింది.

*ష్రింప్ అండ్ గ్రిట్స్:* ఇది అందరికీ తెలిసిన స్టార్ డిష్. గ్రిట్స్ అంటే మొక్కజొన్న రవ్వ. వెన్న వేసి మెత్తగా ఉడికించి పైన రొయ్యల వేపుడు పోస్తారు. సంకటి, రొయ్యల ఇగురు అనుకోండి, కారం మాత్రం తగ్గించి. ఒకప్పుడు ఇది చేపలు పట్టేవాళ్ల పొద్దుటి తిండి.

*షీ క్రాబ్ సూప్:* ఆడ పీత గుడ్లతో, మీగడతో చేసే చిక్కటి సూపు. పైన కొద్దిగా షెర్రీ వైన్ పోస్తారు, వద్దంటే ముందే చెప్పండి. గుడ్లు వేసే ఆలోచన ఒక మేయర్ ఇంట్లో వంట చేసిన విలియం డియాస్ అనే నల్లజాతి వంటవాడిదని చెబుతారు.

*ఫ్రాగ్‌మోర్ స్ట్యూ:* కప్పలేమీ ఉండవు, భయపడకండి. ఫ్రాగ్‌మోర్ ఒక పల్లె పేరు. రొయ్యలు, మొక్కజొన్న కంకులు, బంగాళాదుంపలు, సాసేజ్ ఒకే అండాలో ఉడికించి బల్ల మీద పరిచిన పేపర్ మీద కుమ్మరిస్తారు. చుట్టూ కూర్చుని చేతుల్తో తినడమే. చేత్తో తినడం వచ్చినవాళ్లకి ఇక్కడ గౌరవం ఎక్కువ.

*బెన్నె వేఫర్స్:* పల్చటి, కరకరలాడే నువ్వుల బిస్కెట్లు. కన్నడంలో బెన్నె అంటే వెన్న, ఇక్కడ బెన్నె అంటే నువ్వులు. ఆఫ్రికన్లు తమతో తెచ్చి పెరట్లో పెంచుకున్న పంట ఇది. మార్కెట్‌లో డబ్బాల్లో దొరుకుతాయి. ఇంటికి తీసుకెళ్లడానికి ఇంతకన్నా మంచి స్వీట్ లేదు.

*బాయిల్డ్ పీనట్స్:* మన బస్టాండ్ పల్లీలే. ఉప్పు నీళ్లలో గంటలకొద్దీ ఉడికించి రోడ్డు పక్కన వేడివేడిగా అమ్ముతారు. 2006 నుంచి ఇది రాష్ట్ర అధికారిక చిరుతిండి కూడా.

ఎక్కడ తినాలి? క్వీన్ స్ట్రీట్‌లోని హస్క్ లాంటి పేరున్న రెస్టారెంట్లు దక్షిణాది పంటలకి కొత్త హంగు ఇస్తాయి, టేబుల్ ముందే బుక్ చేసుకోవాలి. ఒక పూట అక్కడ తిన్నా, ఇంకో పూట మాత్రం గల్లా కుటుంబాలు నడిపే చిన్న చోటికి వెళ్లండి. ఊరికి తూర్పు వైపున్న హానిబల్స్ కిచెన్ పీత మాంసం కలిపిన అన్నానికి ప్రసిద్ధి. నార్త్ చార్లెస్టన్‌లోని బెర్తాస్ కిచెన్‌కి 2017లో జేమ్స్ బియర్డ్ సంస్థ 'అమెరికాస్ క్లాసిక్స్' అవార్డు ఇచ్చింది. ఇలాంటి చోట్ల పని వేళలు తక్కువ, బయల్దేరే ముందు ఫోన్‌లో చూసుకోండి.

శాకాహారులకి ఒక మాట. ఇక్కడ కూర పేరులో మాంసం లేకపోయినా గిన్నెలో ఉంటుంది. ఆకుకూర కూడా పంది ఎముకతో ఉడికిస్తారు. బొబ్బర్లలోనూ, ఎర్రన్నంలోనూ అంతే. బిస్కెట్లలో పంది కొవ్వు ఉండొచ్చు. ప్రతిదీ అడిగి తెలుసుకోండి. చీజ్ గ్రిట్స్, వేయించిన పచ్చి టమాటాలు, మాక్ అండ్ చీజ్, బెన్నె వేఫర్లతో రెండు రోజులు గడిచిపోతాయి. అయినా అడగండి.

రెండో రోజు: ఏ ఎస్టేట్‌కి వెళ్లాలి?

ఊరి చుట్టూ ప్లాంటేషన్లు ఉన్నాయి. అంటే బానిసల చేత సాగు చేయించిన పెద్ద ఎస్టేట్లు. ఓక్ చెట్ల బాట, సరస్సు, తోట. చాలా ఏళ్లు వీటిని పెళ్లి వేదికలుగానే అమ్మారు. కొన్ని చోట్ల బానిసల గుడిసెలు కూడా ఫొటోల వెనక నేపథ్యంగా వచ్చేవి. 2019 చివర్లో పింటరెస్ట్ లాంటి వేదికలు ఇలాంటి పెళ్లిళ్లకి ప్రచారం తగ్గిస్తామని చెప్పాక చర్చ పెద్దదైంది. మనవాళ్లు కూడా అమెరికాలో పెళ్లి వేదికలు వెతుకుతున్నారు కాబట్టి ఈ చర్చ మనకి దూరమేమీ కాదు.

కథ నిజాయతీగా వినాలంటే జేమ్స్ ఐలాండ్‌లోని మెక్లియడ్ ప్లాంటేషన్. 2015లో కౌంటీ పార్కుల శాఖ తెరిచింది. ఇది పత్తి ఎస్టేట్. గైడ్ యజమాని ఇంటి ఫర్నిచర్ గురించి కన్నా ఆ బాట పక్కన వరసగా ఉన్న చెక్క గుడిసెల్లో ఎవరుండేవారో ఎక్కువ చెబుతారు. వరి మడి చూడాలనుంటే మిడిల్టన్ ప్లేస్‌కి వెళ్లండి. అక్కడ చూపించడానికి కరోలినా గోల్డ్ వేసిన చిన్న మడి ఉంది.

మధ్యాహ్నం పడవెక్కి ఫోర్ట్ సమ్టర్ వెళ్లొచ్చు. 1861 ఏప్రిల్ 12న ఈ కోట మీద పడ్డ ఫిరంగి గుండ్లతోనే అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. పడవ ప్రయాణంతో కలిపి రెండు గంటలకి పైగా పడుతుంది. నీళ్ల మీద ఉన్నప్పుడు రాబర్ట్ స్మాల్స్‌ని గుర్తు చేసుకోండి. బానిసగా పుట్టి, ప్లాంటర్ అనే సైనిక ఓడ నడిపేవాడు. 1862 మే 13 తెల్లవారుజామున తెల్ల అధికారులు ఒడ్డున ఉన్న సమయం చూసి, భార్యాపిల్లల్నీ తోటివాళ్లనీ ఎక్కించుకుని, కెప్టెన్ టోపీ పెట్టుకుని, కోటల ముందు సరైన ఈల సిగ్నల్ ఇస్తూ ఓడని బయటికి తీసుకెళ్లి ఉత్తరాది నౌకాదళానికి అప్పగించాడు. అప్పటికి వయసు 23. తర్వాత అమెరికా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. మన సినిమాల్లో ఇలాంటి సీన్ పెడితే 'అతి' అనేవాళ్లం.

సాయంత్రం కల్హూన్ స్ట్రీట్‌లో తెల్లటి చర్చి ముందు ఒక్క నిమిషం ఆగండి. మదర్ ఇమాన్యుయెల్ చర్చి. 2015 జూన్ 17న బైబిల్ చదువుకుంటున్న తొమ్మిది మందిని, కొత్తగా వచ్చాడని పక్కన కూర్చోబెట్టుకున్న ఒక తెల్ల యువకుడు జాతి ద్వేషంతో కాల్చి చంపాడు. మూడేళ్ల తర్వాత, 2018 జూన్ 19న, బానిసత్వంలో తన పాత్రకి చార్లెస్టన్ నగర కౌన్సిల్ క్షమాపణ చెప్పింది. ఓట్లు 7, 5. అంటే ఐదుగురు అప్పటికీ ఒప్పుకోలేదు. మ్యూజియంలో చదివిన చరిత్ర పాతదేం కాదని ఈ రెండు అంకెలే చెబుతాయి.

మన డబ్బు ఎటు వెళ్తోంది?

ఈ ద్వీపకల్పంలో ఒకప్పుడు నల్లజాతి కుటుంబాలే ఎక్కువగా ఉండేవి. ఇళ్ల ధరలు పెరిగి, అద్దెలు పెరిగి, చాలామంది ఊరి బయటికి వెళ్లిపోయారు. వాళ్ల వంట మాత్రం ఊళ్లోనే ఉండి ఖరీదైంది. ఎర్రన్నం వండిన ఇల్లు లేదు, ఎర్రన్నం అమ్మే హోటల్ ఉంది.

టూరిస్టుగా మనం చేయగలిగింది పెద్దగా లేదు గానీ కొంచెం ఉంది. బుట్ట కొంటే అల్లినవాళ్ల దగ్గరే కొనండి. నడక టూర్ తీసుకుంటే గల్లా గైడ్‌తో తీసుకోండి. రెండు పూటల భోజనంలో ఒక పూటైనా ఆ వంట ఎవరిదో వాళ్ల చోట తినండి. సల్లివన్స్ ఐలాండ్ బీచ్‌కి వెళ్తే ఫోర్ట్ మౌల్ట్రీ దగ్గర నీళ్ల వైపు తిరిగి ఒక నల్లటి బెంచీ ఉంటుంది. బానిసలుగా వచ్చినవాళ్లని తలుచుకోవడానికి కూర్చునే చోటే లేదని రచయిత్రి టోనీ మోరిసన్ ఒకప్పుడు బాధపడింది. 2008లో ఆమె అభిమానులు ఆ బెంచీ వేయించారు. ఓడల్లో వచ్చినవాళ్లని ఊళ్లోకి పంపే ముందు జబ్బులున్నాయేమోనని నిలిపి ఉంచింది ఆ దీవిలోనే. పల్లీల పొట్లం పట్టుకుని వెళ్లి కాసేపు కూర్చోండి.

ప్లాన్ చేసుకునేవాళ్లకి

*ఎలా వెళ్లాలి:* షార్లెట్ నుంచి కారులో మూడున్నర గంటలు, అట్లాంటా నుంచి ఐదు గంటలు. ఊళ్లో కారు పార్కింగ్ కష్టం. హోటల్లో వదిలేసి నడవండి. డౌన్‌టౌన్‌లో తిరిగే డాష్ బస్సు ఉచితం.

*ఎప్పుడు:* మార్చి నుంచి మే దాకా, లేదా అక్టోబర్, నవంబర్. జులై, ఆగస్టుల్లో విశాఖ ఉక్కపోతే. జూన్ నుంచి నవంబర్ దాకా తుఫాన్ల కాలం, వాతావరణం చూసుకుని టికెట్లు కొనండి. ఎండ కాస్తున్న రోజున కూడా పోటు ఎక్కువైతే కొన్ని వీధుల్లోకి నీళ్లొస్తాయి.

*గుర్రపు బండి:* ఎక్కితే ఏ వీధులు చూపిస్తారో మీ చేతిలో ఉండదు, బండివాడి చేతిలోనూ ఉండదు. రద్దీ తగ్గించడానికి ఏ బండి ఎటు వెళ్లాలో లాటరీ తీస్తారు.

*ఉచితంగా:* రేవు దగ్గరి తోట, రెయిన్‌బో రో, సముద్రం అంచున బ్యాటరీ నడక, కూపర్ నది మీద రావెనెల్ వంతెన నడక దారి, జాన్స్ ఐలాండ్‌లో వందల ఏళ్ల ఏంజెల్ ఓక్ చెట్టు.

*ముందే బుక్ చేయాల్సినవి:* మ్యూజియం, ఫోర్ట్ సమ్టర్ పడవ, శనివారం రాత్రి భోజనం.

*తెచ్చుకోవాల్సినవి:* ఒక డబ్బా బెన్నె వేఫర్లు, ఒక సంచి కరోలినా గోల్డ్ బియ్యం. ఇంటికొచ్చాక గంజి వార్చి వండుకోండి, పప్పుచారుతో కూడా బాగుంటుంది.